సైరన్ ఆగిన తరువాత

మంటల్లోకి, ప్రమాద స్థలాల్లోకి, వరద నీటిలోకి అందరికంటే ముందు వెళ్లేవారి మనసు గురించి గత సంచికలో కొంత రాసి, ఆ ఉద్యోగాల్లో ఉన్నవారూ వారి ఇంటివారూ ప్రశ్నలు పంపవలసిందిగా కోరాను. వచ్చిన ఉత్తరాల్లో "ఇది అడగదగిన ప్రశ్నో కాదో తెలియదు" అన్న వాక్యం కొద్దిపాటి తేడాలతో మళ్లీ మళ్లీ కనిపించింది. అడగదగినదే. అందుకే ఈ నెల శీర్షికను పూర్తిగా వారికే కేటాయిస్తున్నాను. రాసినవారి ఆనవాళ్లు బయటపడకుండా ఉత్తరాలను కుదించాను.

ప్రశ్న: నా భర్త పదకొండేళ్లుగా అగ్నిమాపక శాఖలో పనిచేస్తున్నారు. ఈమధ్య డ్యూటీ ముగించుకుని వచ్చాక ఇంటి ముందు కారు ఆపి, ఇంజన్ కట్టేసి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అరగంట దాకా అలాగే కూర్చుంటున్నారు. లోపలికి వచ్చాక ఏం జరిగిందని అడిగితే "ఏమీ లేదు" అంటారు. మనసులో ఉన్నది చెప్పేస్తే భారం తగ్గుతుందంటారు కదా, ఆయన చేత మాట్లాడించడం ఎలా? — ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందుగా ఆ అరగంట గురించి చెబుతాను. ఆయన మీ నుంచి తప్పించుకుంటున్నారని మీకు అనిపించడం సహజమే గానీ, ఈ వృత్తిలో ఉన్న చాలామంది తమకు తెలియకుండానే ఇలాంటి విరామం ఒకటి ఏర్పరచుకుంటారు. ఆపద ఎదురైనప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిసోల్ వంటి హార్మోన్లను విడుదల చేసి, గుండె వేగాన్ని పెంచి, చూపునూ వినికిడినీ పదును పెడుతుంది. పొగ నిండిన గదిలో మనిషిని వెతికి బయటికి తేవాలంటే శరీరానికి ఆ అప్రమత్తత ఉండాలి. అయితే హాజరు పుస్తకంలో సంతకం పెట్టినంత వేగంగా అది దిగిపోదు. గిన్నె కింద పడిన చప్పుడుకు ఆయన ఉలిక్కిపడి విసుక్కుంటే ఆ విసుగు మీ మీద కాదు, శరీరం ఇంకా ప్రమాద స్థలంలోనే ఉంది. కాబట్టి ఆ అరగంటను ఆయనకు వదిలేయండి. అంతేకాక, దాన్ని మీరిద్దరూ ఒప్పుకున్న విషయంగా మార్చండి. "ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చుని రండి, ఈలోగా ఇక్కడ నేను చూసుకుంటాను" అని మీరు ఒక్కసారి అంటే, ఇప్పుడు దొంగతనంగా తీసుకుంటున్న విశ్రాంతిని ఆయన నిశ్చింతగా తీసుకుంటారు.

చెప్పేస్తే భారం తగ్గుతుందన్న మాట సగమే నిజం. తనకు నమ్మకమున్న మనిషికి, తనకు వీలైన సమయంలో, తనకు ఇష్టమైనంత మేరకు చెప్పుకున్నప్పుడు తగ్గుతుంది. ఎదుటివారు తవ్వి తీసినప్పుడు తగ్గకపోగా ఒక్కోసారి పెరుగుతుంది. పైగా ఆయన మౌనంలో మీ మీది ప్రేమ కూడా ఉండవచ్చు, తాను చూసిన దృశ్యం మీ కళ్లలోకి రాకూడదని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. బాధితుల వివరాలు బయట చెప్పకూడదన్న నియమమూ ఆయనను కట్టిపడేస్తుంది. అందుకని జరిగిన సంఘటనను, అది ఆయన మీద మోపిన బరువును రెండు వేర్వేరు విషయాలుగా చూడండి. మొదటిది అడగనక్కర లేదు. "ఇవాళ బరువైన రోజా?" అని రెండోది మాత్రం అడగండి. అవునన్నా కాదన్నా సరిపోతుంది.

నాకు తెలిసిన ఒక ఇంట్లో అదీ అడగరు. భర్త గుమ్మంలోకి రాగానే చెయ్యి ఎత్తి వేళ్లు చూపిస్తాడు. ఒక వేలు చూపిస్తే మామూలు రోజు, నాలుగు దాటితే ఆ పూట పిల్లల చదువూ వచ్చిపోయే ఫోన్లూ అన్నీ ఆమె బాధ్యత. రెండేళ్లపాటు ఆమె ఒక్క వివరం కూడా అడగలేదు. ఒక రాత్రి దీపం ఆర్పేశాక, చీకట్లో, ఆయనే మొదలుపెట్టి తెల్లవారుజాము దాకా చెప్పాడట. మనోగాయం తరువాత ఎవరు ఎక్కువగా కుంగిపోతారన్న విషయంపై జరిగిన అనేక పరిశోధనలను మనస్తత్వవేత్త బ్రూయిన్, ఆయన సహచరులు 2000లో కలిపి పరిశీలించినప్పుడు, బలంగా కనిపించిన ముప్పుల్లో ఒకటి తోడు లేకపోవడం. ఆ ఇంట్లో ఆమె రెండేళ్లూ ఇచ్చింది ఆ తోడునే.

అయితే ఓపికకు ఒక గడువు ఉండాలి. నిద్ర పట్టకపోవడం, పీడకలలు, చిన్న విషయాలకు పెద్ద కోపం, పిల్లల దగ్గరికి కూడా వెళ్లలేకపోవడం, నిద్ర కోసం మద్యం మీద ఆధారపడడం వంటివి నెల దాటినా తగ్గకపోతే, "నేను వెంట వస్తాను, ఒకసారి డాక్టరును కలుద్దాం" అని చెప్పండి. ఈ మాట ఆయనకు సెలవు ఉన్న రోజు, నిద్ర తీరిన తరువాత చెప్పండి గానీ, డ్యూటీ దిగి వచ్చిన క్షణంలో చెప్పకండి. మరొక సంగతి, మీ ఉత్తరం నాలుగు పేజీలు ఉన్నా అందులో మీ గురించి ఒక్క వాక్యమూ లేదు. ఆయన ఫోన్ ఎత్తని ప్రతి రాత్రీ మీరు పడే ఆందోళన కూడా చెప్పుకోవలసినదే. మీకు దగ్గరి మనిషి ఒకరికి దాన్ని చెప్పుకోండి.

ప్రశ్న: ఆరేళ్లుగా అంబులెన్సులో పనిచేస్తున్నాను. మూడు నెలల కిందట నాలుగేళ్ల పాపకు దారి పొడవునా సి.పి.ఆర్. చేశాను, బతకలేదు. మా పాపకూ నాలుగేళ్లే. అప్పటి నుంచి గ్లౌజుల రబ్బరు వాసన తగిలితే చేతుల కింద ఆ చిన్న ఛాతీ కదులుతున్నట్టు అనిపిస్తోంది. మా పాపను నిద్రపుచ్చడానికి పక్కన పడుకోలేకపోతున్నాను. ఇంతకంటే ఘోరమైన కేసులు చూసిన నేను దీనికి ఇలా అయిపోయానంటే, ఈ ఉద్యోగానికి పనికిరానా? — ఒక అంబులెన్సు టెక్నీషియన్

జవాబు: మీరు పనికిరానివారు కారు, మీకు గాయమైంది. ఎంత ఘోరాన్ని చూశామన్న దాన్ని బట్టే మనసుకు గాయం తగలదు. చూసినదానిలో మన సొంత జీవితం కనిపించినప్పుడు అది లోతుగా దిగుతుంది. పాప వయసు ఒక్కటే అయినందువల్ల, మీరు శిక్షణతో, అనుభవంతో కట్టుకున్న గోడను ఆ సంఘటన దాటి వచ్చింది. నా దగ్గరికి వచ్చిన అనుభవజ్ఞుల్లో చాలామందిని కుంగదీసినది పెద్ద విపత్తు కాదు. బాధితుడి కాలికి తన కొడుకు బూట్ల లాంటి బూట్లు ఉండడం, మోగుతున్న ఫోన్ తెర మీద "అమ్మ" అని కనిపించడం వంటి చిన్న వివరమే వారిని పట్టుకుంది.

మీరు రాసిన లక్షణాలకు ఒక పేరుంది. 1915లోనే బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మైయర్స్ యుద్ధరంగం నుంచి వచ్చిన సైనికుల్లో ఇటువంటి స్థితిని వర్ణిస్తూ "షెల్ షాక్" అన్న మాటను వైద్య పత్రికకెక్కించినా, అది పిరికితనం కాదని వైద్యలోకం నిర్ద్వంద్వంగా ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగనిర్ధారణ గ్రంథం మూడవ కూర్పులో పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే పి.టి.ఎస్.డి.ని చేర్చింది. జరిగినది మళ్లీ జరుగుతున్నట్టు అనుభవానికి రావడం, దాన్ని గుర్తుచేసేవాటికి దూరంగా తొలగిపోవడం, తన మీదా లోకం మీదా ఆలోచనలు చీకటిబారడం, శరీరం ఎప్పుడూ అప్రమత్తంగా ఉండిపోవడం అనే నాలుగు రకాల లక్షణాలు నెలకు మించి కొనసాగి, బతుకుకు అడ్డుపడుతుంటే వైద్యులు ఈ నిర్ధారణకు వస్తారు. ఉత్తరం చదివి నిర్ధారణ చేయడం తప్పు కనుక ఆ పని నేను చేయను. కానీ మూడు నెలలైంది కాబట్టి, దానంతట అదే పోతుందని ఇక వేచి చూడవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. మీరు ఒంటరివారు కూడా కారు. ప్రపంచవ్యాప్తంగా రక్షణ సిబ్బందిపై జరిగిన పరిశోధనలను 2012లో కలిపి చూసినప్పుడు సుమారు 10 శాతం మందిలో పి.టి.ఎస్.డి. కనిపించింది, అందులోనూ అంబులెన్సు సిబ్బందిలో ఇతరులకంటే ఎక్కువగా కనిపించింది.

వాసన ఎందుకు అంత బలంగా లాగుతోందని మీరు ఉత్తరంలో మరోచోట అడిగారు. మామూలు జ్ఞాపకానికి తేదీ ఉంటుంది, "అది అప్పుడు జరిగింది" అన్న ఎరుకతో గుర్తుకొస్తుంది. తీవ్రమైన భయంలో, నిస్సహాయతలో నాటుకున్న జ్ఞాపకానికి ఆ తేదీ సరిగ్గా అంటుకోదు. అది వాసనగా, స్పర్శగా, శబ్దంగా ముక్కలు ముక్కలుగా నిలిచిపోయి, ఒక ముక్క తగలగానే మొత్తం ఇప్పుడే జరుగుతున్నట్టు లేచి వస్తుంది. ఆ జ్ఞాపకాన్ని తుడిచేయడం చికిత్స పని కాదు. దానికి తేదీ వేసి, గతంలో జరిగినదిగా దాన్ని దాని చోట కూర్చోబెట్టడమే చికిత్స పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దవారికి రెండు పద్ధతులను సూచించాయి. మనోగాయంపై కేంద్రీకరించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ మొదటిది. అందులో శిక్షణ పొందిన నిపుణుడి ఎదుట, మీ అదుపులో ఉండే వేగంతో, ఆ ప్రయాణాన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పుకుంటూ, "నా చేతులే ఆ పాపను కాపాడలేకపోయాయి" వంటి తీర్మానాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తారు. ఫ్రాన్సిన్ షపీరో 1989లో ప్రచురించిన పరిశోధనతో మొదలైన ఇ.ఎం.డి.ఆర్. రెండోది. అందులో ఆ జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని, నిపుణుడి వేలి కదలికను కళ్లతో అనుసరిస్తారు. అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందులూ తోడవుతాయి. ఎవరో ఇచ్చారని నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే డయాజిపామ్ వంటి మాత్రలు సొంతంగా వాడకండి. అవి ఆ రాత్రి గడుపుతాయే తప్ప ఈ గాయాన్ని మాన్పవు, పైగా అలవాటుగా మారతాయి.

ఒక్క మాట పాప గురించి. ఆసుపత్రి వెలుపల గుండె ఆగిపోయినవారిలో ఎక్కువమంది, అన్నీ సక్రమంగా చేసినా బతకరని మీకు శిక్షణలోనే చెప్పి ఉంటారు. తెలిసినా, మీ చేతులు ఆ లెక్కను ఒప్పుకోవడం లేదు. చికిత్స చేసే నిపుణుడికి మొదటి రోజే ఈ చేతుల సంగతి చెప్పండి. ఈలోగా మీ పాపను నిద్రపుచ్చడం పూర్తిగా మానేయకండి. ఇవాళ గుమ్మం దగ్గర నిలబడి రెండు నిమిషాలు చూడండి, రేపు మంచం అంచున కూర్చోండి. దూరం జరిగిన కొద్దీ భయం బలపడుతుంది, మెల్లగా దగ్గరైతే అది మెల్లగానే తగ్గుతుంది.

ప్రశ్న: నేను అత్యవసర కాల్స్ తీసుకునే కంట్రోల్ రూములో పనిచేస్తాను. నేను దేన్నీ కళ్లతో చూడను, కుర్చీలో కూర్చుని వింటాను. అయినా కొన్ని గొంతులు ఇంటిదాకా వస్తున్నాయి. స్థలానికి వెళ్లేవారి ముందు నా బాధ చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. — ఒక కాల్ ఆపరేటర్

జవాబు: సిగ్గుపడవలసినది మీరు కాదు, మిమ్మల్ని ఈ లెక్కలో చేర్చడానికి ఇంతకాలం తీసుకున్న వ్యవస్థ. 2013 నాటి అమెరికన్ నిర్ధారణ గ్రంథం ఐదవ కూర్పు, వృత్తిరీత్యా భయంకర సంఘటనల వివరాలకు పదేపదే గురికావడాన్ని కూడా మనోగాయానికి కారణంగా గుర్తించింది. టీవీలో చూసినదాన్ని అది లెక్కించదు, ఉద్యోగంలో భాగంగా అయితే తప్ప. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2016లో చట్టం చేసి, పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు సిబ్బందికి పి.టి.ఎస్.డి. వస్తే, కాదని రుజువైతే తప్ప అది ఉద్యోగం వల్ల వచ్చినదిగానే భావించాలని నిర్దేశించినప్పుడు, ఆ జాబితాలో కాల్స్ తీసుకుని బళ్లను పంపే సిబ్బందినీ చేర్చింది.

మీ పనిలో ఉన్న ప్రత్యేకమైన కష్టాన్ని బయటివారు గుర్తించరు. కంటితో చూసినవారికి ఆ దృశ్యం ఎంత ఘోరమైనదైనా ఒక హద్దు ఉంటుంది. చెవితో విన్నవారికి మిగతాదంతా ఊహ పూరిస్తుంది, ఆ ఊహకు హద్దు లేదు. పైగా బండి చేరుకోగానే ఫోన్ తెగిపోతుంది, తరువాతి కాల్ వెంటనే మోగుతుంది, మొదటి మనిషి బతికాడో లేదో మీకు తెలియదు. ముగింపు తెలియని కథలే ఇంటిదాకా వస్తాయి. కాబట్టి మీ పర్యవేక్షకులను రెండు విషయాలు అడగండి, సహోద్యోగులతో కలిసి అడిగితే మరీ మంచిది. మొదటిది, బరువైన కాల్ తరువాత ఎవరి అనుమతీ అడగనక్కర లేకుండా హెడ్‌సెట్ తీసి పది నిమిషాలు బయటికి వెళ్లే హక్కు. రెండోది, కావాలని కోరిన కాల్స్ విషయంలో ఆ తరువాత ఏమైందో తెలిపే ఏర్పాటు. ఫలితం చెడ్డదైనా తెలియడమే మేలని నాతో మాట్లాడిన ఆపరేటర్లలో ఎక్కువమంది అన్నారు.

ప్రశ్న: నేనొక స్టేషన్‌కు అధికారిని. ఇటీవల పెద్ద ప్రమాదంలో మా బృందం ఎన్నో మృతదేహాలను వెలికితీసింది. మరునాడే అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేతా అనుభవం చెప్పించాలని పైనుంచి సూచన వచ్చింది. కొందరు ససేమిరా అంటున్నారు. బలవంతం చేయమంటారా? — ఒక స్టేషన్ అధికారి

జవాబు: చేయవద్దు. ఆ సూచన వెనుక సదుద్దేశమే ఉంది, దానికి ఒక చరిత్రా ఉంది కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఒకప్పుడు స్వయంగా అగ్నిమాపక, అంబులెన్సు సేవల్లో పనిచేసిన జెఫ్రీ మిచెల్ అనే అమెరికన్ 1983లో, ఘోర సంఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే బృందాన్ని కూర్చోబెట్టి దశలవారీగా మాట్లాడించే పద్ధతిని ప్రతిపాదించారు. సిబ్బందికి మనసంటూ ఒకటి ఉందని ఎవరూ అడగని రోజుల్లో అది గొప్ప ముందడుగు, దేశదేశాల్లో వ్యాపించింది. అయితే తరువాతి పరిశోధనలు దాని ప్రయోజనాన్ని నిలబెట్టలేకపోయాయి. కాలిన గాయాలతో చేరినవారిపై జరిగి 1997లో ప్రచురితమైన ఒక పరీక్షలో, 13 నెలల తరువాత పి.టి.ఎస్.డి. ఉన్నవారు అటువంటి చర్చ జరిపిన వర్గంలో 26 శాతం, జరపని వర్గంలో 9 శాతం. మొదటి వర్గంలో కాలిన గాయాల తీవ్రత మొదటి నుంచే కొంత ఎక్కువన్నది నిజమే అయినా, మేలు జరగలేదన్నది మాత్రం స్పష్టం. ఇటువంటి పరీక్షలన్నిటినీ సమీక్షించిన కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ నివేదిక 2002లో, బాధితులను నిర్బంధంగా ఇలా మాట్లాడించడం ఆపివేయాలని తేల్చిచెప్పింది. ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం బాధితులతో విడివిడిగా జరిపినవే గానీ మీ బృందం వంటివారితో జరిపినవి కావు కనుక, ఇష్టపడి కలిసి కూర్చుని మాట్లాడుకునేవారిని ఆపనక్కర లేదు. ఇష్టం లేనివాణ్ణి కూర్చోబెట్టి, తాను చూడని దృశ్యాలను కూడా తోటివారి నోట వినిపించడం మాత్రం తప్పు.

మరి ఏం చేయాలి? 1988 జులై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై పేలుళ్లలో 167 మంది మరణించారు. మృతదేహాలను వెలికితీసి గుర్తించే పనిలో ఉన్న పోలీసులను మనోవైద్యుడు డేవిడ్ అలెగ్జాండర్, ఆయన సహచరుడు వెల్స్ అధ్యయనం చేసి 1991లో ఫలితాలు ప్రచురించారు. వారిలో కొందరి మానసిక స్థితి వివరాలు ప్రమాదానికి ముందు నుంచే అందుబాటులో ఉండడంతో ముందూ వెనుకా పోల్చి చూసే అరుదైన అవకాశం దొరికింది. అంత భయంకరమైన పని చేసినా వారు పెద్దగా దెబ్బతినలేదు. పనిని నిర్వహించిన తీరూ పైఅధికారుల వ్యవహారమూ అందుకు తోడ్పడ్డాయని పరిశోధకులు భావించారు. ఆ అధ్యయనాన్ని నేను చాలామంది అధికారులకు చెబుతుంటాను, ఎందుకంటే మీ చేతిలో ఉన్నది అదే. మనసుకు మందు వేయడం నా పని కావచ్చు, కానీ డ్యూటీ చార్టు వేసేది మీరు.

కాబట్టి స్థలంలో ఉన్నప్పుడే మొదలుపెట్టండి. మొదటిసారి మృతదేహాన్ని ముట్టుకునేవాణ్ణి అనుభవజ్ఞుడి పక్కన నిలబెట్టండి. ఏం చూడబోతున్నారో ముందే సూటిగా చెప్పండి. గంటల తరబడి ఒకే మనిషిని ఒకే చోట ఉంచకుండా మార్చండి. ముఖాలను, చేతులను, బాధితుల సొంత వస్తువులను అవసరానికి మించి చూడనక్కర లేకుండా పని పంచండి. నిద్ర విషయంలో రాజీ పడకండి. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నప్పటి స్థాయికి, 24 గంటలు మెలకువగా ఉంటే 0.10 శాతం స్థాయికి పడిపోతుందని డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో చూపించారు. అలాంటి స్థితిలో ఉన్నవాణ్ణి మరుసటి కాల్‌కు పంపి, ఆ తరువాత అతని మానసిక ఆరోగ్యం గురించి సమావేశం పెట్టడంలో అర్థం లేదు.

పని ముగిశాక సాంకేతిక సమీక్షను మానసిక పరామర్శతో కలపకండి. పైపు ఎందుకు ఆలస్యమైందన్న ప్రశ్నకు జవాబు చెబుతున్న చోట ఎవరూ "నాకు భయమేసింది" అనరు. బ్రిటన్ నౌకాదళ సైనికులైన రాయల్ మెరీన్స్‌లో 1990ల చివర రూపొంది, తరువాత అక్కడి అత్యవసర సేవల్లోకి వచ్చిన ట్రిమ్ అనే పద్ధతిలో, శిక్షణ పొందిన తోటి ఉద్యోగే మూడు రోజుల తరువాత ఒకసారి, దాదాపు నెల తరువాత మరొకసారి కలిసి, నిద్ర, కోపం, మద్యం, తనను తాను నిందించుకోవడం వంటివాటిని అడిగి తెలుసుకుంటాడు, తగ్గకుండా పెరుగుతుంటే వైద్యుడి దగ్గరికి చేరుస్తాడు. మీ దగ్గర ఆ పేరుతో ఏర్పాటు లేకపోయినా, క్యాలెండరులో ఆ రెండు తేదీలు గుర్తుపెట్టుకుని ప్రతి ఒక్కరినీ విడిగా పలకరించడానికి ఏ ఉత్తర్వూ అక్కర లేదు. చాలా స్టేషన్లలో మొదటి వారం అందరూ పరామర్శిస్తారు, నాలుగో వారంలో ఎవరూ ఉండరు. కష్టం ముదిరేది ఆ నాలుగో వారంలోనే.

ఒక అధికారిని చూశాను. పైపులు ఆరబెట్టే చోట, తడి పైపు ఒక కొసను తాను పట్టుకుని, రెండో కొస పట్టుకున్న కుర్రవాడి వైపు చూడకుండానే, "నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదయ్యా, నీకు పట్టిందా?" అని అడిగాడు. కుర్రవాడు వెంటనే జవాబు చెప్పలేదు. పైపు మొత్తం చుట్టడం అయ్యాక, "మూడు రాత్రులైంది సార్" అన్నాడు. ఆ దశలన్నిటికంటే ఈ రెండు వాక్యాలపై నాకు నమ్మకం ఎక్కువ. మీకు పట్టని నిద్రను మీరు దాచుకుంటే వారూ దాచుకుంటారు.

ప్రశ్న: కౌన్సెలింగుకు వెళ్తే నా సర్వీసు రికార్డులోకి ఎక్కుతుందా? — ఒక పోలీసు ఉద్యోగి

జవాబు: అది మీ శాఖ నిబంధనలను బట్టి ఉంటుంది కనుక, వెళ్లడానికి ముందే తెలుసుకోండి. శాఖ ఏర్పాటు చేసిన కౌన్సెలరైతే, "నేను వచ్చినట్టు ఎవరికి తెలుస్తుంది, మీరు రాసుకున్నది ఎవరు చదవగలరు, ఏ సందర్భంలో మీరు బయట చెప్పవలసి వస్తుంది?" అని మొదటి నిమిషంలోనే అడగండి. మంచి కౌన్సెలర్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. ప్రాణాపాయం ఉన్నప్పుడు గోప్యతకు మినహాయింపు ఉంటుందని కూడా ఆయనే ముందుగా చెప్పాలి. జవాబులు తృప్తిగా లేకపోతే శాఖకు సంబంధం లేని నిపుణుణ్ణి కలవండి. రికార్డు భయంతో అసలు వెళ్లకపోవడమే అన్నిటికంటే నష్టం.

ప్రశ్న: నాతో ఒకే బండిలో పనిచేసే మిత్రుడు ఈమధ్య బాగా తాగుతున్నాడు. తనకిష్టమైన వస్తువులు ఒక్కొక్కటిగా ఇచ్చేస్తున్నాడు. మొన్న "నేను లేకపోతే అందరికీ హాయి" అన్నాడు, వెంటనే నవ్వేశాడు. ఆ మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టించినవాణ్ణి అవుతానేమోనని భయంగా ఉంది. — ఒక పాఠకుడు

జవాబు: ఈ పేజీ పక్కన పెట్టి ముందు అతని దగ్గరికి వెళ్లండి. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదని పరిశోధనలు చెబుతున్నాయి. అడగడం వల్ల చాలామందికి ఊరటే కలుగుతుంది. డొంకతిరుగుడు లేకుండా, "చనిపోవాలని అనుకుంటున్నావా?" అని అడగండి. అవునంటే వాదించకండి, నీతులు చెప్పకండి, రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి. ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన కూడా చేశాడేమో అడగండి. చేసి ఉంటే అతణ్ణి ఒంటరిగా వదలకుండా, వెంటబెట్టుకుని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి, లేదా అతని పక్కనే కూర్చుని మీ ప్రాంతంలోని ఆత్మహత్యల నివారణ సహాయ కేంద్రానికి ఫోన్ చేయండి. అతనికి అందుబాటులో ఉన్న ఆయుధాలు, మందుల నిల్వలు దూరం చేయించడం కూడా అంతే ముఖ్యం. ఆ ఉధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, ఆ కొద్దిసేపూ సాధనం చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. మీ వృత్తిలో మందులు చేతి దూరంలోనే ఉంటాయి కనుక ఈ సంగతి అధికారికి చెప్పక తప్పదు. మిత్రుడికి కోపం రావచ్చు, రానివ్వండి.

అమెరికాలో 2017లో విధి నిర్వహణలో మరణించిన అగ్నిమాపక, పోలీసు సిబ్బంది కంటే ఆత్మహత్య చేసుకున్న సిబ్బందే ఎక్కువమంది అని రూడర్‌మన్ ఫ్యామిలీ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ 2018లో వెలువరించిన నివేదిక తెలిపింది. మంట నుంచి, తూటా నుంచి ఒకరినొకరు కాపాడుకోవడానికి మీకు శిక్షణ ఇచ్చారు. బండిలో పక్క సీటులో ఉన్న మిత్రుణ్ణి దీని నుంచి కాపాడుకోవడానికీ అదే శ్రద్ధ పెట్టండి.

ప్రశ్న: 31 ఏళ్లు సర్వీసు చేసి గత ఏడాది పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ హాయిగా నిద్రపోయినవాణ్ణి. ఇప్పుడు ఇరవై ఏళ్ల కిందటి ముఖాలు కలలోకి వస్తున్నాయి. ఈ వయసులో చికిత్స వల్ల ఉపయోగం ఉంటుందా? పాత స్టేషన్ వైపు వెళ్లాలనిపిస్తుంది గానీ, అక్కడ నాకేం పని అనిపించి ఆగిపోతున్నాను. — ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: పెద్దలకు నమస్కారం. ఉపయోగం ఉంటుంది. సంఘటన జరిగి ఆరు నెలలు దాటాక మాత్రమే లక్షణాలు పూర్తిగా బయటపడే స్థితిని వైద్యశాస్త్రం విడిగా గుర్తించింది. ఏళ్ల కిందటి జ్ఞాపకాలకు కూడా పైన చెప్పిన చికిత్సలు పనిచేస్తాయి. ఇన్నాళ్లూ తరువాతి కాల్ వచ్చి ముందటి కాల్‌ను పక్కకు నెట్టేది, పక్కన మీ మనుషులు ఉండేవారు. ఒకే రోజున ఆ పనీ దూరమైంది, ఆ మనుషులూ దూరమయ్యారు. ఆ ముఖాలకు ఇప్పుడు ఖాళీ దొరికింది, అంతే. డాక్టరును కలిసినప్పుడు కలలతోపాటు ఈ ఖాళీ గురించి కూడా చెప్పండి.

స్టేషన్‌కు వెళ్లండి. ఊరికే వెళ్లడం ఇబ్బందిగా ఉంటే, ఆ కలలో కనిపించే సంఘటనలో మీతోపాటు ఉన్న పాత సహచరుడికి ముందు ఫోన్ చేసి, ఇద్దరూ కలిసి వెళ్లండి. దారిలో ఆయనను ఒకటే అడగండి, ఆ ముఖాలు ఆయనకూ వస్తున్నాయేమో. ఆయన ఏం చెప్పారో నాకు రాయండి.